అమ్మిన కుక్క మీద మాట ఎవరిది?

కుక్కపిల్లను కొని తెచ్చిన వారం పది రోజులకో, రెండు మూడు నెలలకో ఇక పెంచలేమని తేలుతుంది. ఇంట్లో చిన్నపిల్లకు ఆయాసం మొదలవుతుంది. అద్దె ఇంటి యజమాని ఒప్పుకోడు. ఉద్యోగం ఇంకో దేశానికి మారుతుంది. ముందునుంచీ ఉన్న కుక్కకూ కొత్తదానికీ క్షణం పడదు. ఇక్కడిదాకా కథ అన్ని దేశాల్లోనూ ఒకటే. ఆ తర్వాత రెండుగా చీలుతుంది. ఒకచోట, కొన్నవాళ్లు ఆ పిల్లను తెలిసినవాళ్లకు ఇచ్చేస్తే బ్రీడర్ వచ్చి, నన్నడగకుండా ఎలా ఇచ్చారు, కాగితం ప్రకారం నాకే అప్పగించాలి కదా అని నిలదీస్తాడు. ఇంకోచోట, తీసుకుపొమ్మని కొన్నవాళ్లు బతిమాలినా బ్రీడర్ ఫోన్ ఎత్తడు. మొదటిది ఎక్కువగా అమెరికా, బ్రిటన్‌లలో కనిపించే తగవు. రెండోది ఎక్కువగా మనది. రెంటినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం వల్లే ఈ చర్చ ఇంతగా చిక్కుపడింది.

విడదీసి చూస్తే ఇందులో మూడు ప్రశ్నలున్నాయి. కట్టిన డబ్బు ఎంత వెనక్కి రావాలి? కుక్క చట్టరీత్యా ఎవరిది? ఈ రాత్రి నుంచి అది ఎవరింట్లో ఉండాలి? మొదటి ప్రశ్న కోర్టులకు రోజువారీ పని. రెండోదానికి పాత సూత్రాలున్నాయి. మూడోదాన్ని అడగడమే న్యాయస్థానాలు ఇటీవల నేర్చుకుంటున్నాయి. గొడవపడేవాళ్లు మాత్రం తరచుగా మూడో ప్రశ్న పేరు చెప్పి మొదటి ప్రశ్న కోసం పోట్లాడుతుంటారు.

షరతు ఎలా పుట్టింది

లండన్‌లో కెన్నెల్ క్లబ్ 1873లోనూ, అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1884లోనూ, ఇప్పుడు చెన్నై కేంద్రంగా నడుస్తున్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా 1896లోనూ మొదలయ్యాయి. వంశావళి పుస్తకాలు వచ్చాక బ్రీడర్ పేరు కుక్క పేరులో చేరిపోయింది. అమ్మిన తర్వాత కూడా కెన్నెల్ పేరు ఇంటిపేరులా దాని వెంటే నడుస్తుంది. ఆ కుక్క ఏ ఆశ్రయంలోనో తేలినా, ఎవరి పెరట్లోనో ఏడాదికి రెండు ఈతలు ఈనుతున్నా మాట పడేది బ్రీడరే. అమ్మిన తర్వాత కూడా పట్టు వదలకూడదన్న ఆలోచనకు వేరు ఇక్కడుంది.

దీనికి సంక్షేమ ఉద్యమం తోడైంది. కుక్క జీవితాంతం ఉండేది, క్రిస్మస్ కానుకగా ఇచ్చి మరిచిపోయేది కాదన్న ప్రచారం బ్రిటన్‌లో 1978లో మొదలైంది. ఇప్పుడు డాగ్స్ ట్రస్ట్ అని పిలిచే సంస్థ దాన్ని నడిపింది. ఆశ్రయాలు నిండిపోతుంటే, కుక్కల్ని లోకంలోకి తెచ్చినవాళ్ల బాధ్యత ఏమిటన్న ప్రశ్న వచ్చింది. దానికి మంచి బ్రీడర్లు ఇచ్చిన జవాబే తిరిగి తీసుకునే షరతు. ఏ వయసులోనైనా, ఏ కారణానికైనా పెంచలేకపోతే మాకే తెచ్చివ్వండి అన్నది దాని సారం.

క్రమంగా ఆ ఒక్క వాక్యం పేజీలుగా పెరిగింది. ఇంకెవరికైనా ఇచ్చేముందు బ్రీడర్‌కు తెలపాలి, ఫలానా వయసుకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, పెట్ షాపుకు అమ్మకూడదు, తప్పితే ఇంత జరిమానా అంటూ షరతులు చేరాయి. కొందరు బ్రీడర్లు సహయజమానిగా తమ పేరు కూడా ఉంచుకుంటారు. క్లబ్బులు వేరే దారి చూపించాయి. అమెరికాలో పరిమిత నమోదు ఉన్న కుక్కకు పుట్టిన పిల్లల్ని క్లబ్ పుస్తకంలో ఎక్కించరు. బ్రిటన్‌లోనూ అలాంటి ఆంక్ష పెట్టవచ్చు, కాకపోతే అమ్మకానికి ముందో అమ్మే సమయంలోనో కొన్నవారి సంతకం తీసుకుని ఉండాలి. ఇవి పుస్తకంలో ఎక్కే కుక్కల సంగతి తేలుస్తాయే గాని, కుక్క ఎవరింట్లో ఉండాలన్నది తేల్చవు. అమ్మకందారుకూ కొనుగోలుదారుకూ మధ్య ఒప్పందం తగాదా వస్తే సివిల్ కోర్టుకు వెళ్లమనడమే అమెరికన్ క్లబ్ వైఖరి.

గుర్రం నుంచి ప్రింటర్ కాట్రిడ్జ్ దాకా

మొదటి వాదం సూటిగా ఉంటుంది. డబ్బు తీసుకున్నావు, వస్తువు ఇచ్చేశావు, ఇక దాని మీద నీకు మాట లేదు. దీని వయసు దాదాపు నాలుగు వందల ఏళ్లు. ఇంగ్లండ్ న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్ 1628లో దీన్ని వివరిస్తూ ఎంచుకున్న ఉదాహరణల్లో గుర్రం ఒకటి. గుర్రాన్ని పూర్తిగా అమ్మి, తిరిగి అమ్మకూడదని షరతు పెడితే ఆ షరతు చెల్లదన్నాడు. అమెరికా సుప్రీంకోర్టు 2017లో ప్రింటర్ కాట్రిడ్జ్‌ల మీద లెక్స్‌మార్క్ కేసును తేలుస్తూ మళ్లీ కోక్‌నే తలచుకుంది. పేటెంట్ ఉన్న వస్తువైనా సరే, ఒకసారి అమ్మాక పేటెంట్ హక్కు దాని వెంట పోదని, మిగిలితే ఒప్పందం హక్కే మిగులుతుందని చెప్పింది. ఇంగ్లండ్‌లో 1904 నాటి పొగాకు కేసు టాడీ వర్సెస్ స్టీరియస్ కూడా ఇదే దారి. సరుకుతో పాటు షరతు చేతులు మారదని తేల్చింది.

కుక్కల తగవులో ఈ సూత్రం పదును మూడో వ్యక్తి దగ్గర తెలుస్తుంది. సంతకం చేసింది కొన్నవారు. కుక్క ఇప్పుడున్నది ఏ సంతకమూ చేయని పక్కింటివారి దగ్గర. బ్రీడర్ కొన్నవారి మీద దావా వేయగలడేమో గాని, పక్కింటివారి చేతిలోంచి కుక్కను లాక్కోవడానికి ఆ కాగితం బలం చాలదు.

ఎదురువాదం లేకపోలేదు. హార్వర్డ్ ఆచార్యుడు జకారియా ఛేఫీ 1928లో, చరాస్తుల మీద కూడా కొన్ని షరతులు వస్తువుతో పాటు నడవవచ్చా అని లోతుగా తరచి చూశాడు. భూమి విషయంలో 1848 నుంచే అలాంటి వెసులుబాటు ఉంది. దాన్ని ఇటు తేవచ్చని ఆ దారిన ఆలోచించేవారి ఆశ. న్యాయస్థానాలు పెద్దగా మొగ్గు చూపలేదు. చూపకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కొన్న ప్రతి వస్తువు వెనకా కనబడని షరతుల తోక ఉంటే, తర్వాత కొనేవాళ్లకు నిద్ర పట్టదు.

సహయజమాని ఒప్పందాన్ని మాత్రం ఈ లెక్కలో కలపకూడదు. అక్కడ బ్రీడర్ తన వాటా అమ్మనే లేదు. చౌకగా వచ్చిందని సహయాజమాన్యానికి తలూపినవారు, సగం కుక్కనే కొన్నామని తర్వాత తెలుసుకుంటారు.

సంతకం పెట్టినవారి మాట

రెండో వాదం వారికి ఇదంతా పక్కదారి. ఎవరూ బలవంతం చేయలేదు, చదివి సంతకం పెట్టారు, మాట నిలబెట్టుకోవాలి కదా అంటారు. ఈ వాదానికి ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ కొనుగోలు నుంచి కాక దత్తత నుంచి వచ్చింది. అమెరికా టీవీ వ్యాఖ్యాత ఎలెన్ డిజెనరస్ 2007లో ఒక ఆశ్రయ సంస్థ నుంచి ఇగ్గీ అనే చిన్న కుక్కను తెచ్చుకున్నారు. ఇంట్లో పిల్లులతో పడలేదు. తన కేశాలంకరణ చేసే మనిషి కుటుంబానికి ఇచ్చేశారు. పెంచలేకపోతే మాకే తిరిగివ్వాలన్న షరతును చూపి సంస్థవారు ఆ ఇంటికి వెళ్లి కుక్కను తీసుకుపోయారు. ఆమె తన కార్యక్రమంలో ఏడుస్తూ, తప్పు తనదే, కుక్కను ఆ పిల్లలకు తిరిగివ్వమని వేడుకున్నారు. ఇవ్వలేదు. సంస్థకు బెదిరింపులు వచ్చాయి. కొత్త ఇల్లు చెడ్డదని ఎవరూ చూపలేదు. షరతు తప్పారన్న మాటనూ ఎవరూ కాదనలేదు. ఇద్దరూ ఒకేసారి నిజం చెబుతున్న తగవు కాబట్టే అది అంత రచ్చయింది.

ఒప్పందవాదానికి బలం దాని స్పష్టత. బలహీనత దాని పరిహారం. షరతు తప్పితే బ్రీడర్‌కు పోయిందేమిటి? పూర్తి ధర ముందే అందింది. కుక్క బాగానే ఉంది. నష్టం రూపాయల్లో చూపలేకే భారీ జరిమానా అంకె ముందుగా రాసిపెట్టుకుంటారు. న్యాయస్థానాలకు అలాంటి అంకెల మీద అనుమానం ఎక్కువ. మన ఒప్పంద చట్టం, 1872లోని 74వ సెక్షన్ ప్రకారం కాగితం మీద ఎంత రాసుకున్నా, ఆ మొత్తానికి లోబడి సబబైన పరిహారమే దక్కుతుంది.

మరి కుక్కనే అప్పగించమని ఆదేశించవచ్చా? డబ్బుతో తీరని నష్టమైతే వస్తువునే ఇప్పించే అధికారం కోర్టులకు ఉంది. న్యూజెర్సీ అప్పీలు కోర్టు 2009లో హౌస్‌మన్ వర్సెస్ డేర్ కేసులో, విడిపోయిన జంట మధ్య ఒక పగ్ కోసం వచ్చిన వివాదంలో, పెంపుడు జంతువుకు ధరతో కొలవలేని విలువ ఉండొచ్చని, మాట ప్రకారం దాన్నే ఇప్పించే మార్గాన్ని మూసేయకూడదని చెప్పింది. అయితే ఆ విలువ అనుబంధానిది. ఎనిమిది వారాలకే పిల్లను పంపేసిన బ్రీడర్ అదే అనుబంధాన్ని తన వైపు వాదనగా తేగలడా? కష్టం.

ఇక్కడ డబ్బు సంగతి ఒకటి దాటవేయలేం. చాలా ఒప్పందాల్లో కుక్క తిరిగి రావాలని ఉంటుంది గాని ధర తిరిగి వస్తుందని ఉండదు. బ్రీడర్‌కు తన కారణాలున్నాయి. బయట తిరిగొచ్చిన పిల్లను మిగతా కుక్కలకు దూరంగా ఉంచాలి, మళ్లీ పరీక్షలు చేయించాలి, వయసు పెరిగిన పిల్లకు గిరాకీ తక్కువ. కొంత కోత న్యాయమే. కానీ రూపాయి ఇవ్వకుండా తీసుకుని, దాన్నే మళ్లీ పూర్తి ధరకు అమ్మే బ్రీడర్ కుక్క మేలు గురించి మాట్లాడితే నమ్మడం కష్టం.

కుక్క తరఫున ఎవరు

మూడో వాదం ఇద్దర్నీ పక్కన కూర్చోమంటుంది. ఆస్తి ఎవరిదో తర్వాత చూద్దాం, ప్రాణి ఎక్కడుంటే బాగుంటుందో ముందు చూద్దాం అంటుంది. ఆస్ట్రియా 1988లో, జర్మనీ 1990లో జంతువులు వస్తువులు కావని సివిల్ స్మృతుల్లో రాసుకున్నాయి. అయితే వేరే నియమం లేనిచోట వస్తువుల నిబంధనలే వర్తిస్తాయని అక్కడే చేర్చారు. స్పెయిన్ 2021 చట్టంతో జంతువులను అనుభూతి ఉన్న ప్రాణులుగా గుర్తించింది. అమెరికాలో అలాస్కా, ఇల్లినాయ్, కాలిఫోర్నియా విడాకుల చట్టాలను 2017 నుంచి ఒక్కొక్కటిగా మార్చి, పెంపుడు జంతువు మంచిని చూసే వీలు కోర్టులకు ఇచ్చాయి. న్యూయార్క్‌లో 2013 నాటి ట్రావిస్ వర్సెస్ మర్రే కేసు జోయీ అనే డాక్స్‌హండ్‌ది. కుక్కను కుర్చీలా చూడలేం, అలాగని పసిబిడ్డలా కస్టడీ విచారణా జరపలేం అంటూ, అందరికీ ఏది మంచిదో చూడాలని ఆ న్యాయమూర్తి మధ్యేమార్గం వెతికారు.

గమనిస్తే ఇందులో ఎక్కువ భాగం భార్యాభర్తల మధ్య, కలిసి బతికిన జంటల మధ్య వచ్చిన న్యాయం. అక్కడ ఇద్దరూ కుక్కతో బతికినవారే. బ్రీడర్‌కూ కొన్నవారికీ మధ్య తూకం అలా ఉండదు. దీన్ని పట్టించుకోకుండా ఆ తీర్పులను ఇటు లాక్కొచ్చేవారు తొందరపడుతున్నారు.

శాస్త్రం చెప్పేది కూడా ఎవరికీ పూర్తిగా అనుకూలం కాదు. స్కాట్, ఫుల్లర్ అనే పరిశోధకులు అమెరికాలోని బార్ హార్బర్‌లో ఏళ్ల తరబడి కుక్కపిల్లలను గమనించి 1965లో ప్రచురించిన గ్రంథం, పుట్టిన మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా పిల్ల లోకాన్ని అలవాటు చేసుకునే కాలమని చూపింది. కొత్తగా కొన్న పిల్ల చేతులు మారేది సరిగ్గా ఈ సమయంలోనో, అది ముగిసిన వెంటనేనో. ఇల్లు మారాలంటే త్వరగా మారడం మేలని దీన్నుంచి వాదించవచ్చు. మళ్లీ కెన్నెల్ గదిలో వారాలు గడపడం నష్టమనీ వాదించవచ్చు. ఈడైన కుక్కలు కొత్త ఇంటికి అలవాటుపడటానికి ఆశ్రయాల వాళ్లు చెప్పే మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలల లెక్క అనుభవం మీద కట్టిన కొండగుర్తు. పదో రోజుకే ఈ కుక్క మాకు సరిపడదని తేల్చేవారికి ఆ మాత్రం కొండగుర్తు అయినా ఉపయోగమే.

పిల్ల జబ్బుతో వస్తే

మనసు మారి తిరిగివ్వడం వేరు, జబ్బు పిల్లను అంటగట్టారని తిరిగివ్వడం వేరు. రెండోదానికి చట్టాలు చాలా దేశాల్లో స్పష్టంగానే ఉన్నాయి. అమెరికాలో 20కి పైగా రాష్ట్రాల్లో కుక్కపిల్లల కొనుగోలుదారులకు రక్షణ చట్టాలున్నాయి. న్యూయార్క్‌లో అంటురోగాలకు 14 పనిదినాలు, పుట్టుకతో వచ్చిన లోపాలకు 180 రోజుల గడువు. కాలిఫోర్నియాలో 15 రోజులు, ఏడాది. ఈ రెండు మూడు వారాల గడువుకు వైద్యకారణం ఉంది. పార్వో వైరస్ సోకినాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. అందుకే మూడో రోజు వాంతులు మొదలైతే వేలు బ్రీడర్ వైపు చూపుతుంది, నెల తర్వాత మొదలైతే చూపదు. డిస్టెంపర్ ఇంకా ఎక్కువ కాలం దాగి ఉండగలదు కాబట్టి దాని దగ్గర ఈ లెక్క తప్పుతుంది.

బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం వ్యాపారిగా అమ్మే బ్రీడర్‌కూ వర్తిస్తుంది. లోపమున్న పిల్లను 30 రోజుల్లో తిప్పి పంపి మొత్తం డబ్బు అడగవచ్చు. ఇంట్లో ఒక్క ఈత అమ్ముకున్న మామూలు మనిషైతే ఈ చట్టం అంతగా పనిచేయదు.

వస్తువుల చట్టం ప్రాణికి సరిపోని చోటు కూడా ఇదే. లోపమున్న సరుకుకు మందు మరమ్మతు, లేదా మార్పిడి. మూడు వారాలు ఒళ్లో పెట్టుకుని పాలు పట్టిన పిల్లను ఇచ్చేసి ఇంకోటి తెచ్చుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు? అందుకే పైన చెప్పిన రాష్ట్రాలు కుక్కను ఉంచుకునే వైద్యం ఖర్చు రాబట్టుకునే దారి కల్పించాయి. న్యూయార్క్‌లో దానికి హద్దు కొన్న ధర, కాలిఫోర్నియాలో ధరకు ఒకటిన్నర రెట్లు. జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2005లో ఒక టెరియర్ పిల్ల కేసులో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ముందు బ్రీడర్‌కు అవకాశం ఇవ్వలేదన్న సాకుతో వైద్యం ఖర్చు ఎగ్గొట్టడం కుదరదంది.

మన దగ్గర కథ తిరగబడింది

భారతదేశంలో ఎక్కువ అమ్మకాలకు ఒప్పందమే ఉండదు. వాట్సాప్‌లో ఫొటో, ఫోన్‌లో బేరం, కొంత అడ్వాన్స్, మిగతాది పిల్లను చేతికిచ్చేటప్పుడు. పేపర్లున్న పిల్లకు ఒక రేటు, లేనిదానికి ఒకటి. రసీదు అడిగేవారు అరుదు, ఇచ్చేవారు ఇంకా అరుదు. 2003లో హచ్ మొబైల్ కంపెనీ ప్రకటనలో పగ్ కనిపించాక ఊరూరా పగ్‌లు దిగాయి. తర్వాత హైదరాబాద్, విజయవాడ ఎండల్లో హస్కీలు వచ్చాయి. మోజుతో కొన్నవి మొదటి వేసవికే భారమవుతాయి. అప్పుడు అమ్మినవాడి నుంచి వచ్చే జవాబు, పచారీ కొట్టు బిల్లు మీద ఉండేదే. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

నియమాలు లేక ఇలా జరగడం లేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద 2017 మేలో కుక్కల పెంపకం, అమ్మకాల నియమాలు వచ్చాయి. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆరు నెలలు దాటినదాన్ని ఆపరేషన్ చేయించకుండా, నమోదైన మరో బ్రీడర్‌కు తప్ప అమ్మకూడదు. మైక్రోచిప్ వేయించాలి, రికార్డులు ఉంచాలి, ఏ జంతువు ఎవరికి పోయిందో ఏటా మండలికి నివేదించాలి. పెట్ షాపులకు 2018లో విడిగా నియమాలు చేశారు. కొన్నవారు పెంచలేక తిరిగి తెస్తే బ్రీడర్ తీసుకుని తీరాలా, తీసుకుంటే ఎంత ఇవ్వాలి అన్న లెక్క మాత్రం వీటిలో లేదు. పుట్టుక నుంచి అమ్మకం దాకా ఉన్న శ్రద్ధ అమ్మకం దగ్గరే ఆగిపోయింది.

మిగిలింది సాధారణ చట్టాల ఆసరా. వస్తు విక్రయ చట్టం, 1930 దృష్టిలో కుక్క చరాస్తి. చెప్పిన జాతి కాకపోయినా, దాచిన జబ్బు బయటపడినా అమ్మినవాడు బాధ్యుడే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఇంకాస్త ముందుకెళ్లింది. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువే రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతుల కిందికి వస్తాయి. జిల్లా కమిషన్‌లో 5 లక్షల దాకా ఫీజు లేదు, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు, 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు. చెల్లింపు తేదీ, మొదటి రోజే వెటర్నరీ డాక్టరు రాసిన చీటీ, బ్రీడర్‌తో నడిచిన మెసేజ్‌లు ఉంటే కేసు నిలబడుతుంది. అవి లేక చాలామంది నష్టపోతున్నారు. ఇదంతా లోపమున్న పిల్లకే. ఆరోగ్యంగా ఉన్న కుక్కను మనసు మారి తిరిగిస్తామంటే ఈ చట్టం కూడా చేతులెత్తేస్తుంది.

పాశ్చాత్య తరహా ఒప్పందాలు మన పెద్ద కెన్నెళ్లలోకీ వస్తున్నాయి. ఇంకెవరికీ ఇవ్వకూడదన్న షరతు ఇక్కడ చెల్లుతుందా? ఆస్తి బదిలీ చట్టం, 1882 పదో సెక్షన్ అన్యాక్రాంతాన్ని పూర్తిగా నిషేధించే షరతు చెల్లదంటుంది. స్థిరాస్తి తగాదాల్లో వినబడే సెక్షనే అయినా, అది ఉన్న భాగం శీర్షికలో చరాస్తి కూడా ఉంది. దీన్నిబట్టి, ముందు నన్నడగండి అనే పాక్షిక షరతు నిలబడొచ్చు, ఎవరికీ ఇవ్వనే కూడదు అనే సంపూర్ణ షరతు నిలబడకపోవచ్చు. మితిమీరిన జరిమానాలున్న ఒప్పందాన్ని అనుచితమైనదిగా ప్రకటించమని రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌ను కోరే వీలూ 2019 చట్టంలో ఉంది.

ఇంకో అపోహ పేపర్ల మీద. క్లబ్ రికార్డులోనో చిప్ రికార్డులోనో ఎవరి పేరుంటే కుక్క వారిదేనని చాలామంది అనుకుంటారు. అవి సాక్ష్యంగా పనికొస్తాయి, యాజమాన్య పత్రాలు మాత్రం కావు. ఇల్లు మార్చినప్పుడు ఆ పేర్లు మార్చకపోతే, రేపు కుక్క తప్పిపోయి దొరికితే ఫోన్ పాత యజమానికి పోతుంది.

పక్కపక్కన పెడితే

ఆస్తివాదం మూడో వ్యక్తిని కాపాడుతుంది, కుక్కను పట్టించుకోదు. ఒప్పందవాదం మంచి బ్రీడర్ చేతిలో కుక్కకు రక్షణ, చెడ్డ బ్రీడర్ చేతిలో కొన్నవారి మెడకు ఉచ్చు. సంక్షేమవాదం అడగవలసిన ప్రశ్నే అడుగుతుంది గాని, జవాబు చెప్పేదెవరో తేల్చదు, ఎందుకంటే బ్రీడరూ కొన్నవారూ ఇద్దరూ కుక్క తరఫునే మాట్లాడుతున్నామంటారు. వినియోగదారుల చట్టం డబ్బు దగ్గర అన్నిటికన్నా పదునైనది, జబ్బు లేని తగవులో దానికి పనిలేదు.

వీటిని కలిపి చూశాక నాకు తోచేది ఇది. తిరిగి తీసుకునే షరతును బ్రీడర్ హక్కుగా రాసుకున్నచోట తగవులు పెరిగాయి. అదే బ్రీడర్ విధిగా ఉంటే అందులో దోషం పట్టడం కష్టం. నేను ఎప్పుడైనా తీసుకుంటాను అన్న మాట కుక్కకు భరోసా. నాకు తప్ప ఎవరికీ ఇవ్వకూడదు అన్న మాటకు అంత సమర్థన లేదు. కొత్త ఇల్లు బాగుందో లేదో చూసి, అభ్యంతరముంటే కారణం చెప్పే అవకాశం బ్రీడర్‌కు ఉంటే చాలు.

తేలనివి

ఇంట్లో పుట్టిన ఒక్క ఈతను అమ్ముకున్న మనిషి వ్యాపారి అవుతాడా? బ్రిటన్‌లోని ఇంగ్లండ్ ప్రాంతంలో ఏడాదికి మూడు ఈతల గీత గీసి లైసెన్సు అడుగుతారు. ఆ గీత వినియోగదారుల చట్టానికీ వర్తిస్తుందనడానికి లేదు. మన దగ్గర రాష్ట్ర మండలిలో నమోదు కాకుండా అమ్మినవాడు తన ఒప్పందాన్ని అమలు చేయమని కోర్టును అడగవచ్చా అన్నది ఇంకా పదునైన ప్రశ్న.

బ్రీడర్ స్వయంగా వెళ్లి కుక్కను తెచ్చేసుకుంటే? ఇగ్గీ నాటికి అది సివిల్ తగాదాలా కనిపించింది. ఇంగ్లండ్‌లో 2024 ఆగస్టు నుంచి పెంపుడు జంతువు అపహరణ ప్రత్యేక నేరం, అయిదేళ్ల దాకా శిక్ష. కాగితం చేతిలో ఉందన్న ధీమాతో ఎవరి గేటు తీసినా ఇప్పుడు అక్కడ చిక్కే. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు, పోలీసులు దొంగతనం అంటారా సివిల్ తగాదా అంటారా అన్నది ఠాణాను బట్టి ఉంటుంది.

మధ్యలో ప్రభుత్వమే నియమం మారిస్తే? ఇంగ్లండ్, వేల్స్‌లలో 2023 డిసెంబరు 31 నుంచి ఎక్స్‌ఎల్ బుల్లీ జాతి కుక్కను అమ్మడమే కాదు, ఉచితంగా ఇవ్వడమూ ఇల్లు మార్చడమూ నేరమే. బ్రీడర్‌కే తిరిగివ్వాలన్న పాత షరతు పాటిస్తే కొన్నవారే నేరస్థులవుతారు. మన కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకు రాసింది. కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆ నెల రోజుల్లో రాట్‌వైలర్ కొన్నవారికి, అమ్మినవారికి మధ్య ఒప్పందం ఏమైనట్టు?

సుప్రీంకోర్టు 2014లో జల్లికట్టు మీద ఇచ్చిన నాగరాజ తీర్పులో, ఆకలి, భయం, నొప్పి లాంటివి లేకుండా బతికే జంతువుల అయిదు స్వేచ్ఛల గురించి మాట్లాడింది. 2023లో జల్లికట్టు మీదే రాజ్యాంగ ధర్మాసనం, జంతువులకు ప్రాథమిక హక్కులున్నాయని చెప్పడానికి ఆధారం లేదంది. ఈ రెంటి మధ్య జిల్లా కోర్టులో నిలబడ్డ లాబ్రడార్ స్థానమేమిటో ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇన్ని ప్రశ్నలు తేలేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జంతు సంక్షేమ మండళ్లు నమోదుకు వచ్చే ప్రతి బ్రీడర్ దగ్గరా ఒక్క హామీ రాయించుకోవాలి. అమ్మిన కుక్కను పెంచలేమని తెస్తే తీసుకుంటాను, లేదా దానికి ఇల్లు చూస్తాను, డబ్బు సంగతి ఇదీ అని. ప్రస్తుతం బ్రీడర్ తలుపు మూసేస్తే, విసిగిన యజమాని ఆ కుక్కను ఏ రింగు రోడ్డు పక్కనో దింపేసి వెళ్లిపోతున్నాడు. ఆకలిదప్పులకు మాడేలా జంతువును వదిలేయడం 1960 చట్టం ప్రకారం నేరమే. తొలిసారి చేసినవారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు.